రసీదుతో పాటు నోట్లకూ పిన్ను కొట్టిన కంపెనీ

విదేశీ నగదు మార్పిడి కంపెనీలకు లైసెన్సులిచ్చే అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కంపెనీవారే నోట్లకు కన్నాలు పొడిచి, కన్నాలున్నవని ఆ నోట్లనే తిరస్కరించుట గురించి.

నేను డెబ్బై నాలుగేళ్ల విశ్రాంత లెక్కల టీచరును. తమకు విన్నవించుకొనునది:

1. పరాయి దేశంలో ఒంటరిగా ఉంటున్న నా చెల్లెలు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. శుక్రవారం ఆపరేషన్. నాకు గురువారం ఉదయం విమానం. దాని మంచం పక్కన కూర్చోవడానికి నేను తప్ప ఎవరూ లేరు.

2. అందు నిమిత్తం గత సోమవారం సదరు కంపెనీ మూడో కౌంటరులో నా పొదుపంతా ఇచ్చి ఆ దేశపు నోట్లు పన్నెండు కొన్నాను. టై కట్టుకున్న పెద్దమనిషి వాటిపైన రసీదు పెట్టి, అన్నిటికీ కలిపి టక్కున పిన్ను కొట్టాడు. "జారిపోకుండా ఉంటాయి మామ్మగారూ" అన్నాడు. ఆ శ్రద్ధకు మురిసి థాంక్స్ చెప్పాను. సదరు థాంక్స్‌ను ఇందుమూలముగా వెనక్కి తీసుకుంటున్నాను.

3. ఆ దేశం తరచూ వెళ్లివచ్చే పక్కింటాయన నోట్లు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పిన్ను కన్నం ఉంటే అక్కడ టాక్సీవాడు కూడా ముట్టుకోడండీ!"

4. మర్నాడు మార్చి ఇమ్మని వెళ్లగా జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు:

"కన్నాలున్న నోట్లు కంపెనీ తీసుకోదండీ."

"పొడిచింది నువ్వే కదా నాయనా?"

"మీ ఇంట్లో పడ్డాయేమోనండీ."

"మా ఇంట్లో నోట్లకు చెవులు కుట్టించే అలవాటు లేదు."

ఆయన నవ్వలేదు. గోడ మీది బోర్డు చూపించాడు: 'కౌంటరు దాటిన నోట్లకు కంపెనీ బాధ్యత లేదు.' ఆ బోర్డును నాలుగు మేకులతో కొట్టారు. గోడ కూడా వీళ్ల చేతుల్లో బాగుపడలేదు.

5. రుజువు: రసీదును నోట్ల మీద పెట్టి కిటికీ వెలుతురుకు పట్టగా, రసీదు కన్నాలు రెండూ పన్నెండు నోట్ల కన్నాలతోనూ ఏకమవుతున్నవి. ముప్పై ఆరేళ్లు జ్యామితి చెప్పాను. ఇంత చక్కగా సరిపడిన పటం ఏ పిల్లా గీయలేదు. టైబాబుకూ చూపించాను. "మేనేజరుగారు సెలవులో ఉన్నారండీ" అన్నాడు. లెక్కకు అది జవాబు కాదు.

6. నిన్న చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, మత్తు ఇచ్చే ముందు నువ్వు కనపడతావుగా?" అన్నది. చిన్నప్పుడు చీకటి గదిలోకి వెళ్లాలన్నా ఇలాగే అడిగేది. కనపడతానన్నాను. విమానం దిగి ఆసుపత్రికి ఏ నోటు ఇచ్చి చేరాలో మాత్రం దానికి చెప్పలేదు. నాకు తెలిస్తేగా.

కావున బుధవారం సాయంత్రంలోగా కన్నాలు లేని నోట్లు పన్నెండు నాకు ఇప్పించవలసినదిగా కోరుచున్నాను. బతిమాలడం నాకు రాని విద్య. లోపములుంటే మన్నించి చిత్తగించవలెను.

బుధవారం సాయంత్రం వరకు
తమ విధేయురాలు,
మూడో కౌంటరువారు 'ఆ మామ్మ మళ్లీ వచ్చింది' అనుకునే మనిషి

జతపరచినది: రసీదు నకలు ఒకటి. జిగురుతో అంటించడమైనది.

తా.క.: బాబూ, బుధవారం నాలుగింటికల్లా నీ దగ్గర్నుంచి కబురు రాకపోతే పిన్ను మిషను సంచీలో వేసుకుని నేనే వెళ్తాను. టైబాబు రసీదు రాయడానికి వంగినప్పుడల్లా ఆ టై కౌంటరు మీద పరుచుకుంటుంది, చూసుకునే వచ్చాను. దాన్నీ, ఆయన ఫారాల బొత్తినీ కలిపి ఒక్కటే పిన్ను. ఆ కన్నం వాళ్లింట్లో పడలేదని ఆయనే రుజువు చేసుకుంటాడు.