దొరకు గడ్డి మాత్రమే

26 ఆగస్టు 1994, శుక్రవారం. గడ్‌చాందూర్.

ఈరోజు నుంచి దొరకు దాణా బంద్.

దొర మా పొట్టేలు. తల్లి చనిపోయిన పిల్లను మా అక్క రాజక్క కోర్పనా నుంచి సంచిలో పెట్టుకుని తెచ్చింది. సీసాతో పాలు తాగించి పెంచాం. పెద్దయితే పొడుస్తాడని చిన్నప్పుడే విత్తులు కొట్టించాం. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్ వెనక వరండాలో కట్టేసి ఉంటాడు. దాణా, తవుడు, జొన్నలు, మా పళ్లెంలో మిగిలినవి, అన్నీ తింటాడు. మెడ ఎక్కడ అయిపోయిందో, పొట్ట ఎక్కడ మొదలైందో తెలియదు. చూసినవాళ్లు మెచ్చుకుంటే నాకు గర్వంగా ఉండేది.

నిన్న మూత్రం చుక్కలు చుక్కలుగా పోస్తూ మూలిగాడు. పశువుల డాక్టర్ ఈశ్వరయ్య వచ్చి, పొట్ట కింద వెంట్రుకలకు అంటుకున్న ఇసుక పలుకుల్లాంటివి చూపించారు.

"ఇవే రాళ్లు, లక్ష్మణరావ్. ఒక్కకాడ కట్టేసి గింజలు మేపితే గిట్లనే అయితది. గడ్డి వెయ్యుండ్రి, నీళ్లు మస్తుగ తాగనియ్యుండ్రి, రోజు తిప్పుండ్రి. గింజ మాత్రం ముట్టనియ్యకుండ్రి."

ఫ్యాక్టరీలో అంత పెద్ద బట్టీ వేడిని అదుపులో ఉంచే మనిషిని. ఒక పొట్టేలు తిండి అదుపు చేయలేనా? దాణా బస్తా ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకు.

"ఎన్ని దినాలో చూద్దాం" అంది నా భార్య జయ.

27 ఆగస్టు

పొద్దున పచ్చగడ్డి మోపు వేశాను. దొర వాసన చూసి, దాని మీదే నిలబడ్డాడు. సాయంత్రం నాలుగు పరకలు నమిలాడు. శుభారంభం. బకెట్ నిండా నీళ్లు, చిటికెడు ఉప్పు. గేటు దాకా నడిపించాను. నడిపించానంటే, లాగాను.

29 ఆగస్టు

ఒకటే అరుపు. పక్క క్వార్టర్ భూమన్న రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషి. బనియన్ మీదే వచ్చాడు.

"అన్నా, దానికి తిండన్న పెట్టు, నాకు ఇంకో క్వార్టరన్న ఇప్పియ్యి."

గుప్పెడు దాణా వేశాను. దొర కోసం కాదు, భూమన్న నిద్ర కోసం.

1 సెప్టెంబరు

వాన. నడక లేదు.

దొర చిక్కినట్టు అనిపించింది. జయతో అంటే, "చిక్కింది వాడు కాదు, మీ పానం" అంది. మళ్లీ గుప్పెడు. నాది కొంచెం పెద్ద చేయి. అయినా మూత్రం బాగానే వస్తోంది. అంటే ఆ మాత్రం గుప్పెడు పనికొస్తున్నట్టే. డాక్టర్లు ఎప్పుడూ కాస్త ఎక్కువ చేసి చెబుతారు.

5 సెప్టెంబరు, పోలా

ఎద్దుల పండుగ. ఊరంతా ఎద్దులకు రంగులు పూసి, మన బొబ్బట్లలాంటి పూరన్‌పోళీలు తినిపిస్తున్నారు. మా అమ్మాయి అక్షర దొర మెడలో బంతిపూల దండ వేసింది. మరాఠీ బడికి పోతుంది, నన్ను బాబా అంటుంది.

"బాబా, ఊర్ల బైల్‌లకు పోళీలు, మన దొరకు గడ్డేనా?"

న్యాయమైన ప్రశ్న. ఒక పోళీ ఇచ్చాను. తర్వాత ఇంకొకటి, అది విరిగిపోయింది కాబట్టి. రేపటి నుంచి ఖచ్చితంగా ఉండాలి.

8 సెప్టెంబరు

తాళంచెవి నడుముకు గుచ్చుకుంటోంది. పెట్టెకు తాళం వేయడం మానేశాను.

10 సెప్టెంబరు

పొద్దున్నుంచి దొర నీళ్లు ముట్టలేదు. కాళ్లు చాపి, తోక వణికిస్తూ ముక్కుతున్నాడు. ఒక్క చుక్క రాలేదు. అరవడమూ లేదు. ఇన్నాళ్లూ అరవకపోతే చాలనుకున్నాను. ఈరోజు ఒక్కసారి అరిస్తే బాగుండుననిపించింది.

స్కూటర్ మీద పోయి ఈశ్వరయ్యను తెచ్చాను. దొరను పిరుదుల మీద కూర్చోబెట్టి, వెనక నుంచి పట్టుకోమన్నారు. పొట్టేలు అంగం చివర సన్నగా, వానపాములా ఒక కొస ఉంటుంది. రాయి అక్కడ ఇరుక్కుంది. డాక్టర్ ఆ కొసను కత్తిరించారు.

ఏమీ రాలేదు. దొర గుండె నా చేతుల కింద దడదడా కొట్టుకుంటోంది. అక్షర వాడి చెవి పట్టుకుని కూర్చుంది. జయ నా భుజం పట్టుకుంది.

తర్వాత ధార. నా ప్యాంటు మీద, డాక్టర్ చెప్పుల మీద. ఎవరమూ కదలలేదు.

"ఏం పెట్టిండ్రు?" అన్నారు డాక్టర్.

"రోజుకో గుప్పెడు" అన్నాను.

జయ నేల చూసింది. "ఈయన డ్యూటీకి పోయినంక నేను ఒక రొట్టె పెట్టిన."

అక్షర బిస్కెట్లు పెట్టిందట. గోడ అవతల నుంచి భూమన్న గొంతు వినిపించింది. "నేను పత్తిగింజల చెక్క వేసిన సార్. నాకు నిద్ర కావాలె గద."

డాక్టర్ చేతులు కడుక్కున్నారు. "నలుగురు గలిసి మంచిగ మేపిండ్రు. ఒక్కటి యాది పెట్టుకోండ్రి. కోసేటందుకు ఆ కొస ఒక్కటే ఉంటది. అది అయిపోయింది. ఇంకోసారి లోపల రాయి ఇరికితే నా చేతుల ఏం లేదు."

12 సెప్టెంబరు

మళ్లీ మొదలు. ఈసారి నియమం దొరకు కాదు, మా నలుగురికి.

దాణా బస్తా కోర్పనా బస్సెక్కించి అక్కకు పంపాను, ఆమె గేదెకు పనికొస్తుంది. పొద్దున జయ, నేను దొరను పత్తిచేల గట్టు దాకా నడిపించాం. వాడు ఆగి తీరిగ్గా మూత్రం పోశాడు. మేమిద్దరం నిలబడి సంతోషంగా చూస్తుంటే, సైకిల్ మీద పోయే ఒకాయన ఆగి, మేం చూస్తున్నదేమిటో చూసి, గబగబా తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. దొర వరండాలోంచి నా పళ్లెం వంక చూశాడు. తలుపు వేశాను. కిటికీలో ముఖం కనిపించింది. కిటికీ మూశాను. కరెంటు పోయింది.

చీకట్లో, ఉక్కలో జయ అడిగింది. "కొంచెం తెరుద్దమా?"

"వద్దు" అన్నాను. వాడి కోసం తుంచిన రొట్టె ముక్క అప్పటికే నా చేతిలో ఉంది. కాసేపు పట్టుకుని కూర్చుని, నేనే తినేశాను.