ఇంటి రెఫరీ

మార్చి 3, మంగళవారం

కొత్త అసైన్‌మెంట్ వచ్చింది. ఈ సెమిస్టర్ మార్కుల్లో సగం దీనికే. ఇది పోతే సెమిస్టర్ మొత్తం మళ్ళీ చదవాలి.

పేరు కమిట్‌మెంట్ డివైస్. రేపు మాట తప్పుతామని ఇవాళే తెలుసు కాబట్టి, ఇవాళే మన కాళ్ళకు మనమే తాడు కట్టుకోవడం. నిజమైన మనిషి కావాలి. నిజమైన అలవాటు కావాలి. మాట తప్పితే నిజంగా నొప్పి పుట్టే శిక్ష కావాలి.

నెలనెలా బడ్జెట్ వేసి, నెలనెలా అది ఎందుకు తప్పుతోందో తెలుసుకుందామని నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఈ బిహేవియరల్ ఎకనామిక్స్ ఎం.ఏ.లో చేరాను. మనిషి కోసం ఊరంతా వెతకడం ఎందుకు? ఈయన ఉన్నారు. ఈయన సిగరెట్లు ఉన్నాయి. అవి మానకపోతే తన గది మెట్లెక్కొద్దని డాక్టర్ పోయిన నెలే చెప్పేశాడు.

అడిగాను. ఇన్నాళ్ళూ వంట ప్రయోగాలు నా మీదే చేశావు, ఇక చదువు ప్రయోగాలు కూడానా అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

మార్చి 5, గురువారం

శిక్ష తేలడం లేదు. కాఫీ మానేస్తానన్నారు. రెండో రోజుకే నేను జాలిపడి ఇచ్చేస్తాను, కుదరదన్నాను. అయితే గిన్నెలు తోముతానన్నారు. మీరు తోమినవి మళ్ళీ తోముకోవాల్సింది నేను, శిక్ష ఎవరికి అన్నాను. నవ్వారు. తర్వాత కాసేపు కిటికీలోంచి చూసి, అన్నయ్యకు ఫోన్ చేసి తప్పు నాదేనని చెబుతాను, రాసుకో అన్నారు.

నా పెన్ను ఆగిపోయింది.

ఎనిమిదేళ్ళ కిందట బావగారి కారు ఈయన నడుపుతూ డివైడర్‌కు కొట్టారు. పక్క సీట్లో ఉన్న బావగారి మోకాలు నుజ్జయింది. ఇప్పటికీ కుంటుతారు. ఆసుపత్రి వరండాలో అందరి ముందూ ఈయన, బ్రేకులు పడలేదు, సర్వీసింగు చేయించని బండి చేతికిస్తే నేనేం చేయను అన్నారు. లోపల మంచం మీదున్న మనిషి విన్నారు. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. తోటికోడలూ నేనూ మాత్రం చాటుగా ఫోన్లో మాట్లాడుకుంటాం.

సరేనని రాసుకున్నాను.

మార్చి 6, శుక్రవారం

నిబంధనలు సిద్ధం. ఒక్క సిగరెట్ కాల్చినా ఓడినట్టే. ఓడితే రెండు రోజుల్లో ఫోన్ చేయాలి. చేయకపోతే రెఫరీ డయల్ చేసి చేతికిస్తుంది. రెఫరీని నేనే. సంతకం పెడుతూ, పెళ్ళైన దగ్గర్నుంచీ రెఫరీవి నువ్వే కదా, ఇప్పుడు కొత్తగా రాసుకోవడం దేనికి అన్నారు.

ఆన్‌లైన్ క్లాసులో మేడమ్ నా ప్లాన్ చదివి, ఈ శిక్షంటే ఆయనకు నిజంగా భయమేనా, సరిగ్గా చూసుకున్నావా అని అడిగారు. మీకు ఈయన మొండితనం తెలియదు మేడమ్, అన్నయ్య పేరెత్తితే చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోతారు అన్నాను. స్క్రీన్ నిండా నవ్వారు.

మార్చి 12, గురువారం

ఒక్కటి కూడా కాల్చలేదు. నాకే నమ్మకం కుదరడం లేదు.

మార్చి 16, సోమవారం

ఇంట్లో పులి తిరుగుతున్నట్టుంది. తలుపు చప్పుడైతే కోపం. చప్పుడు కాకపోతే, ఏంటీ నిశ్శబ్దం అని కోపం. హాస్టల్ నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే, ఎందుకు చేశావు అని అడిగారు. అమ్మా, నీకు డిగ్రీ వచ్చేలోపు నాన్నకు పిచ్చి వచ్చేలా ఉందే అంది అది. ఆ మాట మీద నేను నవ్వితే మళ్ళీ కోపం.

అయినా కాల్చలేదు. ఫుల్ మార్కులు వస్తాయేమో అనిపించింది. అలా అనుకున్నందుకు సిగ్గుగా కూడా ఉంది.

మార్చి 20, శుక్రవారం

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. నా తోటికోడలే. బావగారి గుండెలో మూడు చోట్ల రక్తనాళాలు మూసుకుపోయాయట. వచ్చే శుక్రవారం బైపాస్. గురువారం పొద్దున్నే అడ్మిట్ చేసుకుంటారు. ఆ తర్వాత ఫోన్లు ఉండవు, చూడటానికి కూడా ఇంట్లో ఒకరినే రానిస్తారు. షుగర్ ఎక్కువ, వయసు ఎక్కువ, గ్యారంటీ ఇవ్వలేమన్నారట డాక్టర్లు.

మీ ఆయనకు చెప్పకే, మా ఆయన వద్దన్నారు అంది. వాడు వస్తే నా కోసం రావాలి, నా గుండె కోసం కాదు అన్నారట.

రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. దాచడం నా వల్ల కాలేదు. ఈయన ముద్ద కలుపుతూనే ఉన్నారు. ఎప్పుడు అని మాత్రం అడిగారు. తర్వాత లేచి కంచం తనే కడిగి పెట్టారు.

మార్చి 21, శనివారం

ఫోన్ చేయండి అన్నాను. ఎనిమిదేళ్ళు ఊరుకొని ఇప్పుడు చేస్తే, పోతాడని చేశాననుకుంటాడు అన్నారు. అనుకోనివ్వండి అన్నాను. అప్పుడు అన్నారు చూడు ఆ మాట. నేను సిగరెట్ కాల్చలేదు కదా, కాలిస్తేనే కదా చేయాల్సింది, నువ్వే రాశావు.

ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం చింపి పారేస్తాను, చేయండి అన్నాను. చింపితే అసలు చేయాల్సిన పనే లేదు అన్నారు.

తాడు నేనే కట్టాను. ఇప్పుడు ఈయన దాన్ని పట్టుకొని వేలాడుతున్నారు, వదలమంటే వదలరు.

మార్చి 23, సోమవారం, సాయంత్రం

బజారు నుంచి వచ్చేసరికి ఈయన బాల్కనీలో నిలబడి ఉన్నారు. పూలకుండీ కింది పళ్ళెంలో సిగరెట్ పీక. ఓడిపోయాను, రాసుకో అన్నారు. ఆఫీసులో సర్క్యులర్ చదివినట్టు అన్నారు.

నోటికొచ్చినట్టు తిట్టాను. అక్కడ మీ అన్నగారు గుండె కోయించుకోబోతుంటే ఇక్కడ మీరు పొగ పీలుస్తారా అన్నాను. అమ్మాయికి ఏం సమాధానం చెప్పమంటారు అన్నాను.  అసైన్‌మెంట్ చార్టులో 'ఓటమి' అని రాశాను. పెన్ను కాగితంలో దిగబడింది.

మార్చి 24, మంగళవారం, ఉదయం

బాల్కనీ ఊడుస్తూ ఆ పీక తీశాను. ఫిల్టర్ తెల్లగా ఉంది.

ఈయన యాష్‌ట్రేలు కడిగీ కడిగీ ఈ చేతులు అరిగిపోయాయి. పీల్చిన సిగరెట్ ఫిల్టర్ టీ మరకలా తయారవుతుంది. ఇది కొత్త పెట్టెలోంచి తీసినట్టే ఉంది. పళ్ళెంలో బూడిద కూడా రాలినట్టు లేదు. విరగకుండా, గొంగళిపురుగులా పొడుగ్గా పడి ఉంది. వెలిగించి అంచున పెట్టారు. అది తనంతట తాను కాలింది. నిన్నటి చొక్కా తీసి వాసన చూశాను. సబ్బు వాసన.

కాల్చలేదు. కాల్చానని చెప్పారు.

చీపురు పట్టుకొని అలాగే కూర్చుండిపోయాను. మేడమ్ అడిగింది ఇదే కదా. ఈయన ఆ శిక్షకు భయపడుతూనే ఉన్నారు, దాని కోసం ఎదురూ చూస్తున్నారు. తనంతట తాను ఫోన్ చేయలేరు. ఎవరైనా చేయించాలి.

అదే రోజు, మధ్యాహ్నం

నాతో చదివే అమ్మాయి ఒకతి నర్సు. ఎవరి విషయమో అన్నట్టు చాట్‌లో అడిగాను. మనిషి తప్పకుండానే తప్పానని చెబితే రెఫరీ ఏం చేయాలి? తప్పలేదని ప్రకటించాలి, శిక్ష రద్దు చేయాలి, తెలిసీ ఊరుకుంటే అది దొంగ డేటా అవుతుంది, రిపోర్టు చెత్తబుట్టలోకే అని రాసింది. కాసేపటికి, ఆంటీ, ఇది మీ ఇంట్లో విషయమేనా అని రాసింది.

చాట్ మూసేశాను.

నిజం చెబితే ఈయనకు మళ్ళీ ఫోన్ చేయకుండా ఉండే హక్కు వచ్చేస్తుంది. చెప్పకపోతే నా సెమిస్టర్ పోతుంది. రెండేళ్ళుగా అందరూ లేవకముందే లేచి చదువుకున్న చదువు. ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే.

మార్చి 25, బుధవారం, సాయంత్రం 6

గడువు అయిపోయింది. రేపు పొద్దున్నే అడ్మిషన్.

ఈయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చారు. ఫోన్ ఛార్జింగ్ పెట్టారు, తీశారు, పెట్టారు. కుళాయి కారుతోందని రెంచి పట్టుకొని కూర్చున్నారు. ఆ కుళాయి కారడం లేదు. రేపు పొద్దున చేస్తాను అన్నారు. రేపు ఫోన్ ఉండదు అన్నాను.

అప్పుడు నా మొహంలోకి చూడకుండా అడిగారు. ఆ సిగరెట్ సరిగ్గా చూశావా నువ్వు, అని.

 ఉన్నదున్నట్టు చెబితే తప్పించుకుంటారు. ఫిల్టర్ తెల్లగా ఉందండీ, మీరు ఓడలేదు, వెళ్ళి టీవీ చూసుకోండి అనొచ్చు. నా రిపోర్టు కూడా శుభ్రంగా ఉంటుంది. ఆ మాట కోసమే చూస్తున్నారు. ఆ మాట వస్తుందేమోనని భయపడుతూ కూడా ఉన్నారు. రెంచితో బిగించిన నట్టునే మళ్ళీ బిగిస్తున్నారు.

చూశాను, పూర్తిగా కాల్చేశారు, ఓడిపోయారు అన్నాను.

డయల్ చేశాను. చేతిలో పెట్టాను. వంటింట్లోకి వచ్చేశాను.

6.40

తలుపు దగ్గరే నిలబడ్డాను.  అన్నయ్యా, బ్రేకులు బాగానే పడ్డాయి, నేనే ఆలస్యంగా తొక్కాను అన్నారు.

 ఫోన్లోంచి బావగారి గొంతు నాకు కూడా వినపడేంత పెద్దగా వచ్చింది. ఆలస్యంగా తొక్కావని పక్కన కూర్చున్నవాణ్ణి నాకు తెలీదట్రా వెధవా, నువ్వు చెప్పడానికి ఎనిమిదేళ్ళా అని. ఈయన అవునన్నయ్యా, అవునన్నయ్యా అంటూనే ఉన్నారు. బావగారు తిడుతూనే ఉన్నారు. మోకాలికి ఒకటి, పెళ్ళిళ్ళకు రాలేదని ఒకటి, పండు ముసలాణ్ణయ్యాక గుర్తొచ్చానా అని ఒకటి.

ఈయన అంత సంతోషంగా తిట్లు తినడం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 27, శుక్రవారం

రిపోర్టు పంపేశాను. సబ్జెక్ట్, అంటే ఈయన, ఒప్పందం తప్పలేదు, అబద్ధం ఆడింది రెఫరీ, తెలిసే ఆడింది అని మొదటి పేజీలోనే రాశాను. మేడమ్ ఏం చేస్తారో చేయనీ.

ఇంట్లో ఒకరినే రానిస్తారన్న ఆ చోటు అక్క ఈయనకిచ్చింది. లోపలికి తీసుకెళ్ళేముందు బావగారు స్ట్రెచర్ మీద నుంచే, సిగరెట్లున్నాయా అంటూ తమ్ముడి జేబులు తడిమారట. ఏమీ దొరకలేదట.

అయినా ఇంకోసారి తడిమారట.