ఫిలిప్పీన్స్‌లోని నవోతాస్ రేవు నుంచి మావయ్యకు, మరుగుదొడ్డి సమ్మె సంగతి

మావయ్యా,

నోరులేని పిల్లనని చెప్పి నన్ను ఈ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పెట్టించావు. ఇప్పుడు మేనేజరుకి క్షమాపణ చెప్పమని రాశావు. ముందు జరిగింది విను.

ఇక్కడ పూటకి ఒక్కసారే మరుగుదొడ్డికి పంపుతారు. నా పక్కన పనిచేసే నిండు గర్భిణి నెనీతా రెండోసారి అడిగితే మేనేజరు "ఆపుకో" అన్నాడు. పాపం, నిలబడ్డచోటే తడిసిపోయి ఏడ్చింది.

మర్నాడు యూనియన్ మాట ప్రకారం రెండు వందల మందిమీ చేపలు కోసే కత్తులు దించి మరుగుదొడ్డి ముందు వరస కట్టాం.

"ఇదేం సమ్మె?" అని మేనేజరు అరిచాడు.

"సమ్మె కాదు సారూ, ఒంటేలు," అన్నాను.

మధ్యాహ్నానికి చేపలు కంపుకొట్టాయి. ఎప్పుడైనా వెళ్లొచ్చని సంతకం పెట్టాడు, నన్ను మాత్రం పనిలోంచి తీసేశాడు. నన్ను తిరిగి తీసుకునేదాకా కత్తి పట్టేది లేదంటూ అందరూ గేటు ముందు కూర్చున్నారు.

క్షమాపణ చెప్పను. నువ్వే గేటు ముందు కూర్చున్నవాళ్లకి వండిపెట్టడానికి ఒక బియ్యం బస్తా పంపు. చేపలు మాత్రం వద్దు.

నీ మేనకోడలు