పద్నాలుగో రీలు

గౌరవనీయులైన డైరెక్టరుగారికి, సినిమా హాల్లో ముప్ఫై ఏళ్ళు ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటర్ నమస్కరించి రాసుకునేది.

మీరు సినిమాలు తీయడం మానేసి, పాత సినిమాల గురించి పాడ్‌కాస్టులో మాట్లాడుతున్నారని మా మనవరాలు చెప్పింది. ప్రతివారం తనే నాకు పెట్టి వినిపిస్తుంది. మీ గొంతు బాగుంటుంది. పోయినవారం ‘ఇత్తడి గొళ్ళెం’ గురించి చెప్పారు. ఆఖర్న హీరోయిన్ మొగుణ్ణి బయటికి నెట్టి గొళ్ళెం పెడుతుంది, ఠప్పున లైట్లు వెలుగుతాయి, సంగీతం లేదు, ‘శుభం’ లేదు, ఇంత ధైర్యమైన ముగింపు ఎక్కడా చూడలేదు అన్నారు. కాలేజీ ఎగ్గొట్టి చూసిన ఆ మ్యాట్నీలోనే డైరెక్టర్ని కావాలనుకున్నానని కూడా అన్నారు. మీరు చెప్పిన హాలు మాదే.

బాబూ, ఆ సినిమాకి పద్నాలుగు రీళ్ళు. మీరు చూసింది పదమూడు.

ఇట్లు,
మీ శ్రోత, ఆపరేటర్

తా.క. పద్నాలుగో రీల్లో ఆవిడ గొళ్ళెం తీసేస్తుంది.

*

ఆపరేటర్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నా నెత్తిన పాలు పోసింది! ‘మీరు చూసింది పదమూడు’. ఎంత మాటన్నారండీ! పద్నాలుగో రీలు ప్రేక్షకుడి మనసులో ఆడాలి, గొళ్ళెం తీయాలో వద్దో ఎవరికి వారే తేల్చుకోవాలి, అంతేగా? గంటలకొద్దీ వాగినా నేను చెప్పలేకపోయింది మీరు రెండు ముక్కల్లో తేల్చేశారు. ఎపిసోడ్‌లో మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

వచ్చేనెల నా వందో ఎపిసోడ్ జనం ముందు చేస్తున్నాను. దానికి ‘పద్నాలుగో రీలు’ అనే పేరు పెట్టాను. టీషర్టులు కూడా వేయించాను.

మీ అభిమాని,
డైరెక్టర్

తా.క. ఆ గొళ్ళెం చూసే నా మొదటి సినిమాని ముగింపు లేకుండా తీశాను. అన్నిచోట్లా మూడు రోజులాడింది, మీ హాల్లో మాత్రం యాభై రోజులు! మీ జనానికున్న రుచి ఇంకెవరికీ లేదు.

*

డైరెక్టరుగారికి నమస్కారం.

అయ్యా, రీలంటే రీలే. గుండ్రటి రేకుడబ్బాలో ఉంటుంది, మోస్తే నడుం పట్టేస్తుంది. అది మనసులో ఆడదు, మిషన్లో ఆడుతుంది.

జరిగింది చెబుతాను, కాస్త నిదానంగా వినండి. ఆరోజు మ్యాట్నీయే ఆ సినిమాకి ఆఖరి ఆట. పదమూడో రీలు అయిపోవస్తోంది, పద్నాలుగోది రెండో మిషన్‌కి ఎక్కించబోతున్నాను. మా ఆవిడకి నొప్పులొస్తున్నాయని ఫోనొచ్చింది. తొలిచూలు. హాల్లో లైట్లు వేసేసి, చేతిలో ఉన్న రీలుతోనే ఆస్పత్రికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పెట్టె పదమూడు రీళ్ళతో గోదాముకి వెళ్ళిపోయింది. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఇంతకీ ఆ రీల్లో ఏముందంటే, గొళ్ళెం తీస్తుంది, మొగుడు కాళ్ళమీద పడతాడు, ఇద్దరికీ మళ్ళీ పెళ్ళి, చుట్టూ నలభైమంది డాన్సు. పుణ్యముంటుంది, జనం ముందు ఆ గొళ్ళెం ఊసెత్తకండి. నవ్వులపాలవుతారు.

ఇట్లు,
ఆపరేటర్

తా.క. తీరా చూస్తే అవి నొప్పులు కావు, అజీర్ణం. మా అమ్మాయి మరో పదకొండు రోజులకి తీరిగ్గా పుట్టింది. మీ యాభై రోజుల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

*

ఏమండీ ఆపరేటర్ గారూ,

నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా? ఆ సినిమా ప్రింటు ఎక్కడా మిగల్లేదని తెలిసేగా ఈ కథ అల్లారు! మీచేత ఎవరు రాయిస్తున్నారో నాకు తెలుసు. పాత పాటల పాడ్‌కాస్టు నడిపే ఆ పెద్దమనిషేగా? నా వందో ఎపిసోడ్ చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నాడు.

ఆరోజు ‘ఇత్తడి గొళ్ళెం’ తీసిన పెద్దాయనే వస్తున్నారు. ఎనభైనాలుగేళ్ళు. ముందు వరసలో ఓ నిర్మాత కూర్చుంటాడు. పదకొండేళ్ళ తర్వాత నాకు సినిమా వస్తుందో, ఈ మైకు ముందే బతుకు తెల్లారిపోతుందో ఆరోజే తేలుతుంది. ఇలాంటప్పుడు నా కొంప ముంచకండి. అంత నిజమైతే రీలు పట్టుకొచ్చి చూపించండి. అసలు రాకండి! ఆపరేటర్నని ఎవరొచ్చినా ఆపమని వాచ్‌మన్‌కి చెప్పాను.

ఇక సెలవు,
డైరెక్టర్

తా.క. రెండు టికెట్లు జతచేస్తున్నాను. కోపం కోపమే, కానీ సీట్లు ఖాళీగా కనిపిస్తే బాగోదు.

*

బాబాయ్ గారూ,

ఇకనుంచి మిమ్మల్ని ఇలాగే పిలుస్తాను. కాళ్ళు ఇటు చాపండి, ముందు దణ్ణం పెట్టనివ్వండి.

గొళ్ళెం గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. చివర్లో ఏడ్చాను కూడా. పెద్దాయన లేచి మైకందుకుని, “నాయనా, నా సినిమా అక్కడ అవ్వలేదు. చివర్లో పెళ్ళుంది” అన్నారు. నిర్మాత సంచీ భుజానికి తగిలించుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒంటిమీద ‘పద్నాలుగో రీలు’ టీషర్టొకటి!

ఇంకేం చేయను? మీ ఉత్తరం తీసి పైకి చదివాను. అజీర్ణం దగ్గరికొచ్చేసరికి పెద్దాయన నవ్వడం మొదలెట్టారు. కళ్ళజోడు ఊడి కిందపడినా ఆపలేదు. “నేను రాసుకున్నది గొళ్ళెందాకానే నాయనా! నా నిర్మాత పెళ్ళి కావాలని పట్టుబట్టాడు. అప్పటికి హీరో, హీరోయిన్ వేరే షూటింగులకి వెళ్ళిపోయారు. ఎవరో పిల్లకి ముసుగేసి, ఎవరో కుర్రాణ్ణి పూలదండల్లో కప్పెట్టి లాగించాం. ఆ రీలు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గే. నా సినిమాని నేననుకున్నట్టు చూపించిన మొనగాడు ఆ ఆపరేటరొక్కడే” అన్నారు. చప్పట్లు ఆగలేదు. నిర్మాత సంచీ దింపాడు!

బాబాయ్, సినిమా వచ్చింది! “ముగింపు లేకుండానే మీది ఒక హాల్లో యాభై రోజులాడింది కదా, అదే నా ధైర్యం. ఈసారి కూడా ముగింపు వద్దు” అన్నాడు నిర్మాత. పెద్దాయన ఆ రీలు ఒక్కసారి చూస్తారట, చూసి చింపేస్తారట. వెంటనే తీసుకురండి.

మీ అబ్బాయిలాంటి
డైరెక్టర్

తా.క. టికెట్లు పంపినా రాలేదేం?

*

చిరంజీవి డైరెక్టరుకి బాబాయి దీవించి రాసేది.

ఎందుకు రాలేదూ? వచ్చాను. నోరు ఊరుకోక ‘ఆపరేటర్ని’ అన్నాను, వాచ్‌మన్ ఆపేశాడు. మనిషి మంచివాడు, తన స్టూలు ఇచ్చాడు. మా మనవరాలు లోపలికి వెళ్ళింది, నేను బయట స్పీకర్లో అంతా విన్నాను. పెద్దాయన నవ్వు కూడా విన్నాను. నలభై ఏళ్ళ భయం ఆ స్టూలు మీదే వదిలింది నాయనా. ఏడ్చాను. వాచ్‌మన్ కూడా ఏడ్చాడు, ఎందుకో వాడికీ తెలీదు.

రీలు మాత్రం తేలేను. ఇది చదివేముందు కూర్చో.

నీ మొదటి సినిమా మొదటి ఆట. హీరో మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు, లైట్లు వెలిగాయి. “మిగతాది వెయ్యండ్రా” అని జనం కుర్చీలు విరగ్గొట్టారు. మేనేజరు నా కేబిన్‌లో దాక్కున్నాడు. రెండో ఆటకి నాకొక ఆలోచన తట్టింది. పద్నాలుగో రీల్లో గొళ్ళెం తీసే ముక్క కత్తిరించి, పెళ్ళి దగ్గర్నుంచి నీ సినిమాకి అతికించాను. ముసుగు ఉంది, పూలదండలున్నాయి, ఎవరి మొహమూ కనిపించదు. నీది కలరు, అది బ్లాక్ అండ్ వైట్. మంచులో హీరోకి కలొచ్చిందనుకున్నారు. ఒకటే ఈలలు! యాభై రోజులూ ఆ పెళ్ళికే వచ్చారు. యాభయ్యో రోజుకి రీలు అరిగి ముక్కలైపోయింది, లేకపోతే వంద ఆడేది.

ఇట్లు,
బాబాయి

తా.క. నిర్మాతకి చెప్పకు. నువ్వు ముగింపు లేకుండానే తియ్యి, కానీ నాలుగు నిమిషాల పెళ్ళొకటి, ముసుగుతో, విడిగా తీసి నాకు పంపు. మిగతాది నేను చూసుకుంటాను.