ఎడమపక్క బ్రేకు

బరంపురం, సోమవారం

పడవ ఇంజన్ల వైద్యుడూ, మా కారుకి ఏకైక దిక్కూ అయిన దాలయ్యకి పట్టుచీరల దుకాణం వెంకటరమణమూర్తి ఆశీస్సులు.

ఇంజన్ల మోతకి నీ చెవులు పోయాయి కనక ఫోను దండగ. అందుకే ఈ ఉత్తరం ఆటో పింటు చేత సోనేపూరు పంపుతున్నాను. కారు నిన్ననే నీ షెడ్డుకి చేరింది కదా! నా కాంటెస్సా బ్రేకు సంగతి నీకు తెలుసు. దాని మీద నిలబడితే గానీ ఆగదు. ఇన్నాళ్ళూ నిలబడ్డాను. ఇప్పుడు కుడి మోకాలు మొరాయిస్తోంది. పెళ్ళికి నేనే స్వయంగా మండపానికి తోలుకెళ్తానని మనవరాలు సాయిసుధకి చిన్నప్పుడే మాటిచ్చాను. పెళ్ళి ఇంకా పదిహేడు రోజులే. మోకాలి సంగతి మా ఆవిడ వాసవికి తెలిసిందా, ఆ పూటే తాళాలు లాక్కుంటుంది. కనక చప్పుడు చెయ్యకుండా పవర్ బ్రేకు వెయ్యి. బొటనవేలు ఆనిస్తే కారు ఆగాలి. ఇంట్లో మాత్రం రంగు వేయించడానికి ఇచ్చానని చెప్పాను.

ఇట్లు,
మూర్తి

తా.క.: ఎడమపక్క సీటు ముందు రేకుకి చిల్లు పడింది, అతుకు వెయ్యి. ముప్ఫై అయిదేళ్ళుగా వాసవి అక్కడ కూర్చుని, నేను బ్రేకు వేసినప్పుడల్లా తనూ నేలని తొక్కుతుంది. కారు తనవల్లే ఆగుతోందని ఆవిడ నమ్మకం.

సోనేపూరు, శనివారం

మూర్తిబాబుకి దాలయ్య వొంగి దండాలెట్టి రాసుకున్నది.

బాబూ, పవర్ బ్రేకు డబ్బా బిగించీసినాను. ఇంజను గాలి పీలిసినప్పుడు ఆ పీలుపే బ్రేకుని లాగుతాది, మీ కాలికి సగం కష్టం తగ్గుతాది. ఒకటే మాట. ఇంజను ఆపీసి జారనీకండి. అప్పుడు డబ్బా సాయం రాదు, మళ్ళీ నిలబడాల. సీటు నాలుగంగుళాలు ముందుకి జరిపినాను. దాని మీద మెత్త ఏసినాను. అద్దం కిందకి దించినాను.

మోకాలికి నువ్వుల నూనె రాత్తన్నారా? సాయంత్రం పూట ఆ పకోడీలు మానీండి. ఒళ్ళు తగ్గితే నొప్పీ తగ్గుతాది.

మీ దాలయ్య

తా.క.: అతుకేత్తాను గానీ బాబూ, అమ్మగారు తొక్కబట్టే కారు ఇన్నేళ్ళూ ఎక్కడా తగల్లేదేమో, ఆలోసించండి.

బరంపురం, సోమవారం

దాలయ్యా! ఆశీస్సులు తర్వాత, ముందు జవాబు చెప్పు.

నా ఎత్తు ఆరడుగులు. సీటు ముందుకి జరపమని నిన్నెవడడిగాడు? నిన్న నీ షెడ్డుకి వచ్చాను. నువ్వు మార్కండిలో పడవ బాగుచెయ్యడానికి వెళ్ళావట. సీట్లో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి, గడ్డం మోకాళ్ళకి. అద్దంలో నా చొక్కా రెండో గుండీ తప్ప ఇంకేమీ కనబడలేదు. అయినా రోడ్డెక్కాను. బ్రేకు మాత్రం, అబ్బో! అలవాటు కొద్దీ లేచి నిలబడి తొక్కేశాను. వెనక సీట్లో కొబ్బరికాయ ఎగిరొచ్చి గేరు దగ్గర పడింది. హారన్ నా ముక్కుతో మోగింది. కారు మళ్ళీ నీ షెడ్డులోనే వదిలేసి వచ్చాను.

అసలు నేను పకోడీలు తింటానని నీకెవరు చెప్పారు? నా కారు తోలుతున్న ఆ పొట్టిమనిషి ఎవరు? పెళ్ళిళ్ళకి అద్దెకి గానీ తిప్పుతున్నావా?

కోపంతో,
మూర్తి

తా.క.: వాసవికి ఇంకా ఏమీ తెలియదు. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే భజనకని పింటు ఆటోలో వెళ్ళి ఎండెక్కాక వస్తోంది. దేవుడు నా వైపే ఉన్నాడు.

సోనేపూరు, గురువారం

కోపంలో ఉన్న బాబుకి దాలయ్య దూరంనించే దండం.

అద్దె మాట అనీకండి బాబూ, పేణం సివుక్కుమంటంది. ఆ కొలత నా సొంతం కాదు. కారు తోలీవోరి కొలతే. సెప్పినోరి మాట నాను తీసీలేను, మీరూ తీసీలేరు. ఇసక రోడ్డు మీద అయిదుసార్లు తోలి సూసినాం. కోడిపిల్ల అడ్డొచ్చినా ఆగింది.

మీ దాలయ్య

తా.క.: తోలీవోరికి లైసెన్సు ఉంది బాబూ. మీది గడువు అయిపోనాది, ఎప్పుడైనా సూసుకున్నారా?

బరంపురం, మంగళవారం

దాలయ్యా, నాయనా,

లైసెన్సు సంగతి నిజమే. బీరువాలోంచి తీసి చూస్తే నిరుడే గడువు తీరిపోయింది. బీరువాలో ఉన్నది నీకెలా తెలుస్తుందిరా? నిద్ర పట్టడం లేదు. ఎల్లుండే పెళ్ళి. మా అబ్బాయి శివరామ్ పూలు కట్టిన కారు మాట్లాడేస్తానంటున్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇచ్చిన మాట, ఇప్పుడు పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఆ పొట్టిమనిషి ఎవరైనా సరే, కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. కారు పంపించు.

మూర్తి

తా.క.: పకోడీలు మానేశాను.

బరంపురం, మన వంటింట్లోంచి, బుధవారం

ఏమండోయ్, శ్రీవారికి,

కాళ్ళు పట్టుకోనక్కర్లేదు, మీ మోకాలు వంగదు కదా!

దాలయ్య చదివింది ఒరియా బడిలో. తెలుగు మాట్లాడతాడే గానీ అక్షరం రాదు. మీ మొదటి ఉత్తరం ఎవరిచేతైనా చదివించమని పింటుకిస్తే, వాడు తన ఆటోలో రోజూ ఎక్కే ఆవిడకి తెచ్చిచ్చాడు. అది నేను. ఆనాటినించీ దాలయ్య చెప్పినవీ చెప్పనివీ కలిపి నేనే రాశాను. దస్తూరి మార్చాలేమో అనుకున్నాను, అక్కర్లేకపోయింది. ముప్ఫై అయిదేళ్ళుగా నా సరుకుల చీటీలు పట్టుకెళ్తూ కూడా మీరు పోల్చుకోలేదు.

మీ మోకాలి సంగతి డాక్టరుగారు రెండు నెలల కిందటే నాకు చెప్పేశారు. అప్పటినించీ నేను వెళ్ళింది డ్రైవింగు స్కూలుకి. అక్కడ నేర్పిన మాస్టారు మసేను దారిపొడుగునా రామనామమే జపించాడు కనక భజన అన్నది పూర్తి అబద్ధం కాదు. పోయిన వారమే లైసెన్సు వచ్చింది.

రేపు సాయిసుధని మన కారులోనే తీసుకెళ్దాం. నేను తోలతాను, మీరు పక్కన కూర్చోండి. మీ మాట పోనివ్వను. నాకు గుండె దడగానే ఉంది, మీరు పక్కనుంటే తగ్గుతుంది.

ఈ ఉత్తరం పింటు తేలేదు. మీ ఇడ్లీ పళ్ళెం కింద పెట్టాను.

మీ పొట్టిమనిషి,
వాసవి

తా.క.: ఎడమపక్క చిల్లుకి అతుకు వేయించి, దాని మీద ఒక ఇనప పెడలు కూడా బిగించమన్నాను. దానికీ కారుకీ ఏ సంబంధమూ లేదు. ఎంత కావాలంటే అంత తొక్కుకోండి, నొప్పి లేని కాలితో.