వదిన నాతో దవాఖానకు వచ్చింది

అన్నా,

మొన్న నీ సంవత్సరీకం పెట్టాం. పసుపు బస్తా ఎత్తుతూ నడుము విరిగి నువ్వు పడ్డాకే ఎముకల్లో క్యాన్సరని తెలిసింది. పోయిన చలికాలం నాకూ నడుము నొస్తే హైదరాబాదు వెళ్లాను. నొప్పి మామూలుదేనట. కానీ నా రక్తంలో ఉండకూడని ప్రోటీన్ ఒకటి, నీ జబ్బులో కనిపించేదే, బయటపడింది.

"గిప్పుడైతే గిది క్యాన్సర్ కాదు. రేపు కావచ్చు, కాకపోవచ్చు. ఆర్నెల్లకోపారి రక్తం చూపియ్యాలె," అన్నాడు డాక్టరు.

అప్పటినుంచి ఆర్మూరు మార్కెట్లో బస్తా ఎత్తినప్పుడల్లా ఆనాటి నీ కేకే వినిపిస్తోంది.

వదినకు చెప్పాను. "మీ అన్నకు ముందుగాల చెప్పెటోళ్లు లేకపాయిరి. నీతోని నేను గూడ వస్త," అన్నది.

నిన్న ఇద్దరం వెళ్లాం. ప్రోటీన్ పెరగలేదన్నారు. తిరుగు బస్సులో వదిన కిటికీవైపు తిరిగి ఏడ్చింది. నా కోసమో, నీ కోసమో అడగలేకపోయాను.

నీ తమ్ముడు