బొమ్మ పూర్తయ్యేదాకా

మార్చి 3
శ్రీధర్ చెప్పేశాడు. ఇక వేరుగా ఉంటాడట. ఇక్కడే, సింగపూర్‌లోనే, ఆంగ్ మో కియోలో గది కూడా చూసుకున్నాడు. ఇన్నేళ్ల కాపురం — "నీతో ఊపిరాడటం లేదు" అన్న ఒక్క ముక్కతో సరి. ఇంకెవరూ లేరట. ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది.
"నీ బొమ్మ పూర్తయ్యేదాకా ఉంటాలే, మళ్లీ మోడల్‌ని ఎక్కడ వెతుక్కుంటావ్" అన్నాడు. ఎంత దయ!

మార్చి 5
ఇక్కడి తెలుగు సంఘం ప్రదర్శనకి వేస్తున్న బొమ్మ. సముద్రం దాటించి ఇటు తేవడానికి కంపెనీ దొరలు మన కోస్తా పల్లెల్లో సిపాయిల్ని చేర్చుకోవడం. చూసి వేయమని పాత అచ్చుబొమ్మ ఒకటి ఇచ్చారు. దొర కోటు గుండీలు ఒక్కొక్కటీ దిద్ది దిద్ది గీశాడు ఆ మహానుభావుడు. ఎత్తు చూసే కొలకర్ర పక్కన నిలబడ్డ రైతు మొహానికి మాత్రం నాలుగు గీతలు! తల్లి లేదు, పెళ్లాం లేదు. ఒళ్లు మండింది. నా బొమ్మలో పెళ్లాం ఉంటుంది.

మార్చి 7
హాల్లో సిట్టింగ్. శ్రీధర్‌కి పంచె కట్టించాను. కొలకర్రకి బదులు ఇల్లు తుడిచే కర్ర. దాన్ని పట్టుకున్న దొర — నిత్య. "స్టాండ్ స్ట్రెయిట్ లా, నాన్నా!" ప్రతి మాటకీ ఆ సింగపూర్ 'లా' ఒకటి దానికి. తండ్రీకూతుళ్లు పడీ పడీ నవ్వారు. దానికింకా చెప్పలేదు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 10
భుజం బాగా వచ్చింది. గీకేశాను.

మార్చి 14
చెయ్యి కూడా.
"మొన్న బానే ఉందిగా?"
"వేళ్లు పొట్టిగా వచ్చాయి."
అబద్ధం. ఆ వేళ్లు నాకు తెలియనివా... కళ్లు మూసుకునైనా వేస్తాను. పూర్తయితే వెళ్లిపోతాడు. అందుకే.

మార్చి 17
ఇంకా ఎన్నాళ్లని ఇవాళ అడగలేదు. కాఫీ తనే కలిపాడు, నాకు చక్కెర తగ్గించి. ఆశ పుట్టింది. సిగ్గులేని ఆశ.

మార్చి 21
రాఘవ అంకుల్ బొమ్మ చూడ్డానికి వచ్చారు. సంఘం పెద్ద. పుట్టింది మలేషియాలో, తెలుగు మాత్రం తాతల నాటిదే. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని — "మగాడు అయిపోయాడు గదమ్మా. బాగుండాడు. ఇంక గెలకమాకు."
పక్కన ఖాళీ చూశారు. పెళ్లాం కోసం అన్నాను.
"గుమ్మంలో ఏడస్తా నిలబెట్టమాకు. కొందరు నెత్తిన మూటెట్టుకుని పటాలం ఎనకాలే నడిచారంట. మా ముసిలోళ్లు చెప్పేవోళ్లు."
శ్రీధర్ పంచె అంచు సరిచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.
అంకుల్ వెళ్లాక, "అయిపోయిందన్నమాట" అన్నాడు.
"పెళ్లాం మిగిలింది."
"దానికి నేనెందుకు?"
కటువుగా అనలేదు. నిజంగానే అడిగాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

మార్చి 22
వెళ్లాడు. రెండు సూట్‌కేసులు. పంచె మడతపెట్టి కుర్చీ మీద ఉంచాడు. నిత్యకి తనే చెప్పాడు, నా ముందే. అది "ఓకే" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అన్నానికి కూడా రాలేదు.
మా బెడోక్ నుంచి ఆంగ్ మో కియోకి ఒక్క బస్సు. ఆ సిపాయిల పెళ్లాలకి మధ్యలో సముద్రమైనా ఉండేది, మొగుడు అందుకే రాలేదని చెప్పుకోవడానికి. నాకు అదీ లేదు.

మార్చి 25
ఏమీ వేయలేదు.

మార్చి 28
అద్దం ముందు నిలబడి నన్నే చూసుకుని వేశాను. మొహం వచ్చింది. ఏడవడం లేదు. నెత్తిన మూట పెట్టాను.
నిత్య వచ్చి వెనకాల నిలబడింది.
"అమ్మా, ఈజ్ షీ గోయింగ్ విత్ హిమ్?"
"ఆయన రమ్మనలేదే."
"దెన్ వేర్ ఈజ్ షీ గోయింగ్?"
మూట తీసేద్దామని రంగు గీకే కత్తి అందుకున్నాను. చెయ్యి రాలేదు. పాదాలు ఇంకా వేయలేదు.